నూనె తాగిన బ్రేకు

పిల్లలూ! ఈ నెల మనం సైకిలు పని చేద్దాం. అయితే స్పానరు పట్టుకునే ముందు మీకొక కథ చెప్పాలి. కథ అంటున్నాను గాని, ఇది మా వీధిలో జరిగిన సంగతే.

మా పక్కింట్లో ఏడో క్లాసు చదివే కుర్రవాడున్నాడు. కిందటి సంక్రాంతికి వాళ్ళ మేనమామ వాడికొక గేర్ల సైకిలు కొనిపెట్టాడు. లావుపాటి టైర్లు, వాటి మీద మొసలి వీపులాగా బొడిపెలు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, చక్రాల మధ్య చిన్న పళ్ళేలలాంటి డిస్కు బ్రేకులు. దాన్నే "మౌంటెన్ బైకు" అంటున్నారు. మా ఊళ్ళో చెప్పుకోదగ్గ కొండ ఒక్కటీ లేదు. అయినా సగంమంది పిల్లల దగ్గర ఇప్పుడు కొండ సైకిళ్ళే ఉన్నాయి!

వాడు ఆ సైకిలును ప్రాణంలా చూసుకునేవాడు. రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచి గాని బడికి పోయేవాడు కాడు. వానలు పడటం మొదలయ్యేసరికి దాని ముందు బ్రేకు కీచుమని కూయసాగింది. ఆ కూత ఎంత దూరం పోయేదంటే, వాడు మలుపు తిరిగేలోపలే వీధి కుక్కలు లేచి నిలబడేవి. వాడికి సిగ్గువేసింది. కాస్త ఆలోచించాడు. తలుపు కీచుమంటే అమ్మమ్మ బందుల్లో నూనె చుక్క వేస్తుంది, చప్పుడు పోతుంది. కుట్టుమిషను మొరాయిస్తే అమ్మ నూనె వేస్తుంది, అదీ దారికొస్తుంది. ఇక బ్రేకు సంగతి చెప్పాలా? వాడు కుట్టుమిషను నూనె బుడ్డి తెచ్చి, ముందు డిస్కు మీద నాలుగు చుక్కలు, దాన్ని పట్టుకునే దవడల మధ్య నాలుగు చుక్కలు వేశాడు. వెనక బ్రేకు ఏ పాపం చేసిందని, దానికి కూడా వేశాడు.

కూత ఆగిపోయింది!

మా వీధి గుడి దగ్గర మొదలై చెరువు దాకా పల్లంగా దిగుతుంది. ఆ సాయంకాలం వాడు గుడి దగ్గర సైకిలెక్కి, తొక్కకుండా వదిలేశాడు. సగం దూరం వచ్చాక బ్రేకు నొక్కాడు. లివరు హేండిలు దాకా వచ్చింది గాని చక్రం మాట వినలేదు. రెండో బ్రేకు నొక్కాడు. అదీ అంతే. అదృష్టవశాత్తూ వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇసక పోయించారు. వాడు ఆ కుప్పలోకి పోయి పడ్డాడు. మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి, పై పెదవి పగిలింది. అక్కడినుంచి చెరువు గట్టు పది గజాలు కూడా లేదు.

మర్నాడు వాడు చేతులకు కట్లతో మా ఇంటికి వచ్చి, "తాతగారూ, నూనె వేస్తే మిషను బాగుపడాలి గదా? మరి బ్రేకు పాడైపోయిందేం?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. వాడు ఏడవకుండా ఆ ప్రశ్న అడిగినందుకు నాకు ముచ్చట వేసింది. దీనికి జవాబు చెప్పాలంటే మనం దాదాపు యాభై ఏళ్ళు వెనక్కు, అమెరికా పడమటి తీరానికి పోవాలి. ఎందుకంటే అక్కడ సరిగా దీనికి వ్యతిరేకంగా జరిగింది. అక్కడి బ్రేకులు గ్రీజు లేక చచ్చేవి! ఆ అవస్థ నుంచే ఈ కొండ సైకిలు కూడా పుట్టింది.

కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరంగా మరిన్ అనే జిల్లా ఉన్నది. సముద్రం పక్కనే కొండలు. వాటిలో పేరుపడ్డది టామల్పైస్ కొండ. దాని ఎత్తు సుమారు 2,570 అడుగులు. ఆ కొండల్లో, అడవికి నిప్పంటుకుంటే మంటలార్పే బళ్ళు పోవటానికి మట్టి రోడ్లు వేశారు. 1970 తరవాత ఆ ప్రాంతపు కుర్రకారుకు ఒక సరదా పుట్టింది. పాత సైకిళ్ళను కొండ మీదికి చేర్చి, ఆ మట్టిరోడ్ల వెంట కిందికి దూకించటం!

ఆ సైకిళ్ళు ఎటువంటివనుకున్నారు? ష్విన్ అనే అమెరికన్ కంపెనీ 1933లో రెండంగుళాల పైచిలుకు లావుండే బెలూను టైర్లతో పిల్లల సైకిళ్ళు తయారుచేసింది. తెల్లవారుజామున ఇంటింటికీ పేపర్లు వేసే కుర్రవాళ్ళు వాటిని ఎక్కువగా వాడేవాళ్ళు. నలభై ఏళ్ళు గడిచేసరికి అవి పాత సామాన్ల కొట్లలో, గొడ్ల సావిళ్ళలాంటి చోట్ల తుప్పుపట్టి పడి ఉన్నాయి. మరిన్ కుర్రవాళ్ళు వాటిని కారుచవకగా కొని, మడ్‌గార్డులూ, చెయిను కవర్లూ, ఇంకా ఊడదీయగలిగినవన్నీ ఊడదీసి పారేశారు. మిగిలిన సరంజామాకు వాళ్ళు పెట్టుకున్న పేరు "క్లంకరు". అంటే మన భాషలో డొక్కు బండి అన్నమాట. అటువంటి బండి బరువు ఇరవై కిలోల పైమాటే. అయితే దాని లావుపాటి టైరు రాళ్ళ మీద మెత్తగా పోతుంది. సన్నటైరు రేసు సైకిలుకు ఆ రోడ్డు మీద నాలుగు గజాలు పోయేలోపల పంక్చరు తప్పదు.

ఇక బ్రేకు సంగతి. మన తాతల నాటి నల్ల సైకిలు మీరు చూసే ఉంటారు. హేండిలు కింద లివరు నొక్కితే ఇనపకడ్డీ పైకి లాగి, రబ్బర్లు రిమ్ముకు లోపలివైపున ఆనుకుంటాయి. క్లంకరుకు అటువంటిది లేదు. దానికి హేండిలు మీద లివరే లేదు! పెడళ్ళను వెనక్కు తొక్కితే బ్రేకు పడుతుంది. వెనక చక్రం హబ్బు లోపల లోహపు ముక్కలు విచ్చుకుని, హబ్బు లోపలి గోడను ఒరుసుకుంటాయి. దీన్ని కోస్టర్ బ్రేకు అంటారు. లోహం లోహాన్ని ఒరుసుకుంటే రెండూ గీరుకుపోయి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి గదా! అలా జరగకుండా ఆ హబ్బు నిండా గ్రీజు పెట్టి మూసేస్తారు. గ్రీజు ఉన్నంతసేపూ ఆ బ్రేకు పనిచేస్తుంది.

ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర పైన్ కొండ మీదినుంచి దిగే ఒక మట్టిరోడ్డున్నది. దాని పొడవు సుమారు రెండు మైళ్ళు. ఆ రెండు మైళ్ళలోనే అది 1,300 అడుగులు, అంటే దాదాపు 400 మీటర్లు, దిగుతుంది. ఆ రోడ్డు దిగేసరికి హబ్బు ఎంత వేడెక్కేదంటే, లోపలి గ్రీజు కరిగి, మాడి, పొగై పోయేది. వెనక చక్రం నుంచి పొగ కక్కుకుంటూ సైకిళ్ళు కిందికి చేరేవి. ఒకసారి దిగితే చాలు, హబ్బు విప్పి, మళ్ళీ గ్రీజు కూరవలసిందే. అలా తిరిగి కూరటాన్ని ఇంగ్లీషులో "రీపాక్" అంటారు. ఆ రోడ్డుకు అదే పేరు ఖాయమైంది!

ఆ వేడి ఎక్కడినుంచి వచ్చింది? ఇది మీరే లెక్కకట్టి చూడవచ్చు. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలనుకోండి. ఎత్తు 400 మీటర్లు. భూమి ఆకర్షణకు 9.8 వేసుకోండి. ఈ మూడింటినీ గుణిస్తే సుమారు 3,33,000 జౌళ్ళ శక్తి వస్తుంది. కొండ మీద ఉన్న సైకిలులో ఈ శక్తి దాగి ఉంటుంది. కిందికి వచ్చి ఆగేసరికి అదంతా ఎక్కడికో పోవాలి. దానిలో సగం గాలిని తోసుకుపోవటానికీ, మట్టినీ రాళ్ళనూ ఒరుసుకోవటానికీ ఖర్చయిందనుకుందాం. మిగిలిన సగం బ్రేకులో వేడిగా మారక తప్పదు. అర లీటరు చన్నీళ్ళు పొయ్యి మీద పెట్టి తెర్లే దాకా కాచటానికి దాదాపు అంత వేడి కావాలి. అంత వేడి ఐదారు నిమిషాల్లో, పిడికెడు హబ్బులో, గాలైనా తగలని చోట పుడితే గ్రీజు మాడిపోదా మరి?

పక్కింటి కుర్రవాడు ఇంతవరకూ విని, "అయితే నేను నూనె వేయటం మంచిదే గదా! వాళ్ళకు గ్రీజు లేక పాడైతే నాకు నూనె ఉండి పాడైందేం?" అన్నాడు.

అసలు కిటుకు అక్కడే ఉన్నది. రెంటినీ బ్రేకులనే అంటాం గాని, లోపల జరిగేది వేరు. కోస్టర్ బ్రేకులో లోహాన్ని లోహం ఒరుసుకుంటుంది, అది గ్రీజులో మునిగి పనిచేసేటట్టు తయారైనది. డిస్కు బ్రేకులో ఉక్కు పళ్ళేన్ని పట్టుకునేవి ప్యాడ్లు. రకరకాల పొడులను జిగురులాంటి పదార్థంతో కలిపి, వేడిచేసి, అదిమి వీటిని చేస్తారు. ఇవి పొడిగా ఉంటేనే పట్టు. అంతేగాక ఈ ప్యాడ్లలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. సుద్దముక్క మీద సిరా చుక్క వేస్తే ఏమవుతుంది? లోపలికి పీల్చుకుంటుంది. ప్యాడు కూడా నూనెను అలాగే తాగేస్తుంది. పైకి తుడిచేసినా, బ్రేకు వేసి అది వేడెక్కినప్పుడల్లా లోపలి నూనె పైకి ఊరుతూనే ఉంటుంది.

మరి ఆ కూత ఎందుకు వచ్చింది? నల్లబల్ల మీద సుద్దముక్క ఒక్కొక్కసారి కీచుమంటుంది గదా, ఇదీ అదే. తడీ దుమ్మూ చేరినప్పుడు ప్యాడు డిస్కును సాఫీగా ఒరుసుకోక, పట్టీ వదిలీ, పట్టీ వదిలీ క్షణానికి ఎన్నో వందలసార్లు అదురుతుంది. ఆ అదురే మనకు కూతగా వినిపిస్తుంది. తలుపు బందులు కూసినా సంగతి ఇంచుమించు ఇదేగాని, తలుపు జారితే మనకు లాభం, బ్రేకు జారితే ప్రాణం మీదికి వస్తుంది.

మళ్ళీ మరిన్ కొండలకు పోదాం. అక్కడి కుర్రవాళ్ళు ప్రతిసారీ హబ్బు విప్పి విసిగిపోయారు. 1976 అక్టోబరు 21న రీపాక్ రోడ్డు మీద మొదటి పోటీ జరిగింది. చార్లీ కెల్లీ అనే ఆయన వాటిని నడిపేవాడు. ఒకరి తరవాత ఒకరిని వదిలి, ఎవరు ఎంతసేపట్లో దిగారో గడియారం పెట్టి చూసేవాళ్ళు. అందరికన్నా వేగంగా దిగినవాడు గేరీ ఫిషరు. ఆయనకు పట్టిన కాలం 4 నిమిషాల 22 సెకండ్లు.

ఈ పోటీలకు ముందే, 1974 డిసెంబరులో, ఆ ప్రాంతంలో జరిగిన ఒక సైకిలు పందానికి కూపర్టినో నుంచి కొందరు కుర్రవాళ్ళు వచ్చారు. (కూపర్టినో పేరు మీలో కొందరు విని ఉంటారు. ఈనాడు మన తెలుగువాళ్ళ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి.) వాళ్ళవీ డొక్కు సైకిళ్ళే. కాని వాటికి రేసు సైకిళ్ళ గేర్లు బిగించి ఉన్నాయి! వాళ్ళు తమ జట్టుకు మారో అనే పాత కోస్టర్ బ్రేకు పేరే పెట్టుకున్నారట. మరిన్ వాళ్ళు కళ్ళప్పగించి చూశారు. అప్పటిదాకా వాళ్ళు కొండెక్కాలంటే సైకిలును తోసుకుంటూ పోవటమో, ఏ లారీలోనో వేసుకుపోవటమో చేసేవాళ్ళు.

ఆ తరవాత ఫిషరు తన పాత ష్విన్ సైకిలుకు ఏమేమి తగిలించాడో వినండి. రేసు సైకిలు నుంచి గేర్లు. ఇద్దరు తొక్కే జంట సైకిలు నుంచి డ్రమ్ము బ్రేకులు. మోటారు సైకిలు నుంచి బ్రేకు లివర్లు. గేర్లు మార్చే మీట బొటనవేలికి అందేటట్టు హేండిలు మీదనే. చూశారా, కొత్తగా కనిపెట్టినది ఒక్కటీ లేదు! అన్నీ ఎక్కడో ఒకచోట ఉన్నవే. కొందరు ఫిషరే మౌంటెన్ బైకును కనిపెట్టాడంటారు. నాకు మాత్రం అలా తోచదు. ఊరి సైకిలు షాపులో పదిమంది చేరి తలా ఒక మాటా అని, చివరకు బండిని కదిలించినట్టుగా జరిగింది ఈ పని.

ఒక చోట బాగుచేస్తే మరొకచోట బలహీనత బయటపడింది. బ్రేకులు గట్టిపడేసరికి వేగం పెరిగింది. వేగం పెరిగేసరికి నలభై ఏళ్ళ నాటి పాత ఫ్రేములు వంగటం, విరగటం మొదలుపెట్టాయి. అప్పుడు జో బ్రీజ్ అనే ఆయన 1977లో క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు గొట్టాలతో, ఈ కొండల కోసమే ఒక కొత్త ఫ్రేము అతికి సైకిలు చేశాడు. ఆ మొదటి సైకిలును ఇప్పుడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రపరిచారు. 1979లో కెల్లీ, ఫిషరు కలిసి "మౌంటెన్ బైక్స్" అనే పేరుతో చిన్న వ్యాపారం పెట్టారు. వాళ్ళకు ఫ్రేములు చేసి ఇచ్చినవాడు టామ్ రిచీ. కంపెనీ పేరు కాస్తా సైకిలు పేరై కూర్చున్నది. 1996లో అట్లాంటా ఒలింపిక్ పోటీల్లో కూడా ఈ సైకిళ్ళకు చోటు దొరికింది.

సీటు సంగతి కూడా చెప్పాలి. ఎక్కేటప్పుడు సీటు ఎత్తుగా ఉంటే కాళ్ళకు బలం. దిగేటప్పుడు అదే ఎత్తు ఉంటే ముందుకు బోర్లాపడే ప్రమాదం. మాటిమాటికీ దిగి సీటు సవరించుకోవటం ఎవరికి ఓపిక? బ్రీజూ ఆయన స్నేహితుడూ కలిసి 1984లో సీటు గొట్టానికి ఒక చిన్న స్ప్రింగు తగిలించారు. బిగింపు వదులు చేసి బరువు వేస్తే సీటు కిందికి పోతుంది, లేస్తే స్ప్రింగే పైకి తెస్తుంది. సైకిలు దిగనక్కరలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ స్ప్రింగే. ఎంత చిన్న వస్తువు!

ఇక మన పని చూద్దాం. ఆదివారంనాడు ఆ కుర్రవాడూ, వాళ్ళ నాన్నా, నేనూ కలిసి సైకిలును మా వసారాలో తలకిందులుగా నిలబెట్టాం. దాని బ్రేకులు తీగతో పనిచేసేవి గనక తలకిందులు చేసినా ఫరవాలేదు. మీ బ్రేకుల్లో తీగకు బదులు నూనె గొట్టం ఉంటే అలా చేయకండి, చక్రం తీసినప్పుడు లివరు అసలే నొక్కకండి. ఇంకొక మాట. డిస్కు తిరుగుతుండగా దాని దగ్గరికి వేలు పోనివ్వరాదు. ఆ రంధ్రాలలో వేలు పడితే తెగిపోతుంది. పల్లం దిగి వచ్చిన వెంటనే కూడా డిస్కును ముట్టుకోకండి, చుర్రుమంటుంది.

చక్రం విప్పి, ప్యాడ్లు బయటికి తీశాం. నల్లగా నిగనిగలాడుతున్నాయి. "పొయ్యి మీద కాలిస్తే నూనె పోతుందన్నాడు మా స్నేహితుడు," అన్నాడు కుర్రవాడు. అలా చేసేవాళ్ళు లేకపోలేదు. కాని ఆ పొగ పీల్చరాదు, పైగా వేడికి ప్యాడు తన రేకునుంచి ఊడి రావచ్చు. ఊడిన ప్యాడు పల్లంలో ఏం చేస్తుందో వేరే చెప్పాలా? నూనె తాగిన ప్యాడ్లను పారేసి, కొత్తవి కొనటమే దారి. వాడు సంక్రాంతి డబ్బుల్లో మిగిలినవి తెచ్చి ఇచ్చాడు.

డిస్కు ఉక్కుది గనక నూనె తాగదు, కడిగితే పోతుంది. ముందు గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగాం. ఆరాక మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలును తెల్లటి గుడ్డకు తడిపి తుడిచాం. గుడ్డకు నలుపు అంటటం మానేదాకా తుడవాలి. ఇది చప్పున అంటుకునే ద్రవం, కాబట్టి పెద్దవాళ్ళే చేయాలి, పొయ్యికి దూరంగా. కిరసనాయిలు వాడదామన్నారు వాళ్ళ నాన్న. చెయిను కడగటానికి కిరసనాయిలు మంచిదే గాని డిస్కుకు పనికిరాదు. అది ఆరినా పల్చటి జిడ్డు పొర మిగులుతుంది. శుభ్రం చేశాక డిస్కును వేళ్ళతో కూడా ముట్టుకోరాదు. మన వేళ్ళకుండే జిడ్డు చాలు.

కొత్త ప్యాడ్లు వేసి, తీగ బిగింపు సరిచేశాం. లివరు పూర్తిగా నొక్కినా దానికీ హేండిలుకూ మధ్య రెండు వేళ్ళ సందు మిగలాలి. అయితే కొత్త ప్యాడ్లు వెంటనే సరిగా పట్టవు. చదునైన ఖాళీ స్థలంలో ఓ మోస్తరు వేగంతో పోతూ, మెల్లిగా బ్రేకు నొక్కి నడక వేగానికి తేవాలి. చక్రం జామ్ కానివ్వకూడదు. ఒక్కొక్క బ్రేకుకూ ఇలా ఇరవైసార్లు చెయ్యాలి. అప్పుడు ప్యాడు పదార్థం డిస్కు మీద పల్చగా పూతలా పరుచుకుంటుంది. ఆ పూత మీదనే తరవాత పట్టు కుదురుతుంది. వాడు బడి మైదానంలో ఇరవైకి బదులు ముప్ఫైసార్లు చేశాడు. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను.

మీలో చాలామంది సైకిళ్ళకు డిస్కులుండవు, రిమ్మును పట్టే రబ్బర్లుంటాయి. అవి కూస్తే ఒక ఉపాయం ఉన్నది. ఇంట్లో ఏదో పాత శుభలేఖ ఉంటుంది గదా, దాని నుంచి చిన్న ముక్క కత్తిరించి, రెండు మడతలు వేయండి. అది మిల్లీమీటరు మందం ఉంటే చాలు. దాన్ని రబ్బరుకు వెనక కొసకూ రిమ్ముకూ మధ్య పెట్టి, బ్రేకు నొక్కిపట్టి ఉంచి, రబ్బరు మర వదులు చేసి మళ్ళీ బిగించండి. ముక్క తీసేస్తే రబ్బరు ముందు కొస రిమ్మును ముందుగా తాకుతుంది, వెనక కొస ఒక క్షణం ఆగి తాకుతుంది. చాలా సైకిళ్ళలో కూత అంతటితో పోతుంది. పోకపోతే రబ్బరులో ఇసక రేణువులు దిగబడి ఉన్నాయేమో చూసి, సూదితో పెరికివేయండి.

ఇక పాత ట్యూబు. దాన్ని పారేయకండి! గతుకుల్లో పోయేటప్పుడు చెయిను ఎగిరి, పెడళ్ళ దగ్గరినుంచి వెనక చక్రం ఇరుసుకు పోయే గొట్టాన్ని టకటకా కొడుతుంది. రంగు రాలిపోతుంది. పాత ట్యూబును పొడుగ్గా చీల్చి, ఆ గొట్టానికి దెబ్బకు కట్టు కట్టినట్టు చుట్టి, వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగులతో రెండు కొసలూ బిగిస్తే చప్పుడు మాయమవుతుంది. ట్యాగు తోకలు కత్తిరించటం మరవకండి, కాలు గీరుకుంటుంది. వెయ్యి రూపాయల సామానుకన్నా ఇది నయమని నా అనుభవం.

ఊరికి దూరంగా ఉన్నప్పుడు గాజుపెంకు గుచ్చుకుని టైరు పక్కన చీరుకుపోయిందనుకోండి. ట్యూబుకు ప్యాచీ వేసినంత మాత్రాన లాభం లేదు. గాలి కొట్టగానే చీరికలోనుంచి ట్యూబు బుడగలా బయటికి వచ్చి ఢామ్మంటుంది. ఇందుకు అయిపోయిన టూత్‌పేస్టు ట్యూబును కత్తిరించి, కడిగి, అరచేతిలో సగమంత ముక్కను సైకిలు సంచీలో పెట్టుకోండి. దాని అంచులు గుండ్రంగా కత్తిరించాలి. టైరు లోపలివైపున, చీరికకు అడ్డంగా దాన్ని పెట్టి గాలి కొడితే, ఆ గాలే దాన్ని అదిమిపట్టి ఉంచుతుంది. ఇది ఇల్లు చేరటానికే. చేరాక టైరు మార్చవలసిందే.

కుర్రవాడి సైకిలు ఇసకలో పడినప్పుడు కుడిపక్కకు పడింది. అందుచేత నేను వెనక గేరును కూడా చూశాను. గేరు వేలాడే చిన్న కొక్కేన్ని కావాలనే మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. ఇంట్లో ఫ్యూజు ఎందుకుంటుందో ఇదీ అందుకే. పడ్డప్పుడు అది వంగి, ఫ్రేమును కాపాడుతుంది. కాని వంగినదాన్ని అలాగే ఉంచి, అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదికి చెయిను మార్చితే, గేరు మొత్తం స్పోకుల్లోకి దూరి చక్రం ఆగిపోతుంది. సైకిలు పడ్డ ప్రతిసారీ వెనక నిలబడి ఒక కన్ను మూసి చూడండి. గేరుకుండే రెండు చిన్న చక్రాలూ, పైనున్న పళ్ళచక్రాలూ నిలువుగా ఒకే వరసలో ఉండాలి. కుర్రవాడిది కాస్త లోపలికి వంగే ఉంది. సైకిలు షాపులో కొత్త కొక్కెం వేయించాం.

ఇంట్లో చేయరాని పనులు కూడా కొన్ని ఉన్నాయి. హేండిలులోగాని, ఫోర్కులోగాని చిన్న బీట కనిపించినా ఆ సైకిలు ఎక్కవద్దు. అల్యూమినియం ఫ్రేము పగిలితే గేటుకు అతికించినట్టు వెల్డింగు షాపులో అతికించమని నాన్నగారిని అడగకండి. ఫ్యాక్టరీలో ఆ లోహానికి ప్రత్యేకంగా వేడి చూపించి బలం తెప్పిస్తారు. వెల్డింగు వేడికి ఆ బలం అతుకు చుట్టుపక్కల పోతుంది. పైకి మాత్రం గట్టిగానే ఉన్నట్టు కనబడుతుంది.

మొన్న మళ్ళీ వాన పడింది. ఆ కుర్రవాడు గుడి దగ్గరనుంచి పల్లం దిగి, చెరువు గట్టుకు చాలా ముందే సైకిలు ఆపాడు. తడి డిస్కు మీద కొత్త ప్యాడ్లు కూడా ఒక్కసారి కీచుమన్నాయి. కుక్కలు లేచాయి. "కూయనీ తాతగారూ, ఆరాక అదే మానుతుంది," అన్నాడు వాడు. నూనె బుడ్డి తిరిగి వాళ్ళ అమ్మ కుట్టుమిషను సొరుగులోకి చేరింది. అందులోనుంచి ఇప్పుడు చెయినుకు మాత్రం అప్పుడప్పుడూ చుక్కలు పడుతున్నాయి.